పాము కోరలో దొరికిన మందు

మీ తాతగారో, నాయనమ్మగారో రక్తపు పోటుకు రోజూ మాత్ర వేసుకుంటూ ఉంటే, ఈసారి ఆ మాత్రల అట్టను అడిగి తీసుకుని, దాని మీద సన్నటి అక్షరాలతో అచ్చువేసిన పేరు చదవండి. ఎనలాప్రిల్, రామిప్రిల్, లిసినోప్రిల్ - ఇలా "ప్రిల్" అనే తోకతో ముగిసే పేరు కనిపించిందంటే, ఆ మాత్ర పూర్వీకులలో ఒక పాము ఉన్నదన్నమాట! అదీ ఏ నీరుకట్టో కాదు. కాటు వేస్తే మనిషి ప్రాణం తియ్యగల పాము.

మాత్రలో విషం ఉన్నదేమోనని కంగారుపడి తాతగారి చేతిలోంచి లాక్కోకండి. అందులో విషం లేశమైనా లేదు. అది కార్ఖానాలో రసాయనాలతో తయారైనదే. కాని అటువంటి మందు ఒకటి సాధ్యమని మనిషికి చూపించినది మాత్రం పాము విషమే. ప్రాణం తీసే పదార్థం ప్రాణం నిలిపే మందుకు దారి ఎలా చూపించిందో తెలియాలంటే, అసలు విషమంటే ఏమిటో ముందు కొంచెం తెలుసుకోవాలి.

పాముకు కాళ్ళు లేవు, చేతులు లేవు, గోళ్ళు లేవు. పిల్లిలాగా ఎలుకను పంజాతో అదిమిపట్టలేదు. పెనుగులాడే ఎలుక ఎదురు తిరిగి కొరికిందంటే పాముకు కన్నే పోవచ్చు. అందుచేత పొడపాములాటివి మెరుపులాగా ఒక్క కాటు వేసి ఎలుకను వదిలేస్తాయి. ఎలుక కొంతదూరం పరిగెత్తి పడిపోతుంది. పాము తీరికగా, నాలుకతో వాసన పట్టుకుంటూ వెళ్ళి దాన్ని మింగుతుంది. ఈ పని జరగాలంటే కాటుతోపాటు ఏదో ఒకటి ఎలుక ఒంట్లో ప్రవేశించి, అక్కడ జరిగే ముఖ్యమైన పనులను అతి త్వరగా పాడుచెయ్యాలి. అదే విషం. మనకు ఉమ్మి ఊరే గ్రంథులకు చుట్టాలనదగిన గ్రంథులు పాము తలలో, కళ్ళ వెనకగా ఉంటాయి. విషం అక్కడ ఊరి, డాక్టరు సూదిలోంచి మందు దిగినట్టు, కోరల్లోంచి దిగుతుంది.

విషమంటే ఒకే పదార్థమని చాలామంది అనుకుంటారు. నిజానికి ఒక్క చుక్క విషంలో పదుల రకాల పదార్థాలుంటాయి. వాటిలో చాలామటుకు మాంసకృత్తులే - అంటే మనం తినే పప్పులోనూ, గుడ్డులోనూ ఉండే జాతివే. పూర్వం కన్నాలు వేసే దొంగలు జట్టుగా వెళ్ళేవారట. కుక్కకు మత్తు పెట్టేవాడొకడు, గోడకు కన్నం వేసేవాడొకడు, దీపం ఆర్పేవాడొకడు, పెట్టె తాళం తీసేవాడొకడు. ఒకడి పని ఇంకొకడికి చేతకాదు. పాము విషం కూడా ఇలాటి దొంగల జట్టే. నరాలు కండరాలకు పంపే ఆజ్ఞలను మధ్యలో ఆపే పదార్థం ఒకటి. రక్తాన్ని గడ్డకట్టించేది ఒకటి, గడ్డకట్టకుండా చేసేది మరొకటి. రక్తనాళాలను వదులు చేసేది ఇంకొకటి. ప్రతిదీ ఒంట్లో తన చోటికే వెళ్ళి తన పనే చేస్తుంది. అదీ ఎంతో కొద్ది మోతాదులో.

సరిగా ఇటువంటి పదార్థాల కోసమే మందులు తయారుచేసేవాళ్ళు వెతుకుతూ ఉంటారు! మంచి మందు ఒంట్లో ఒక్క చోటికి వెళ్ళాలి, ఒక్క పని చెయ్యాలి, మిగిలినవాటి జోలికి పోకూడదు. మరి దొంగల జట్టులోంచి ఒక్కణ్ణి విడదీసి, వాడి పనితనమేమిటో కనిపెట్టి, అది ఎవరికి అవసరమో వాళ్ళ దగ్గర పనికి పెడితే? తాళాలు తీసేవాడు దొంగే, నిజమే. కాని తాళంచెవి పోగొట్టుకున్నవాడికి వాడే దిక్కు.

ఇంకొక సంగతి కూడా చెప్పాలి. విషం రక్తంలో కలిసినప్పుడు చేసే హాని కడుపులోకి వెళ్ళినప్పుడు చెయ్యదు. 1664లో ఇటలీ దేశపు వైద్యుడు ఫ్రాన్సెస్కో రెడీ ఈ సంగతి తన పుస్తకంలో రాశాడు. కడుపులో ఊరే జీర్ణరసాలు పప్పును అరిగించినట్టే విషాన్ని కూడా ముక్కలు ముక్కలు చేసేస్తాయి. (నోట్లో ఏ చిన్న పుండో, చిగుళ్ళలో గాయమో ఉన్నా కొంప మునిగినట్టే గనక ఈ ప్రయోగం ఎవరూ చెయ్యరాదు!) విషం అరిగిపోవటం మంచిదే గదా అంటారేమో. మన కథలో దీనితోనే పెద్ద చిక్కు వస్తుంది.

ఇక కథలోకి పోదాం. దక్షిణ అమెరికాలో బ్రెజిలు దేశం ఉన్నది. అక్కడ సావో పాలో నగరం చుట్టుపక్కల అడవుల్లోనూ, పొలాల్లోనూ జరరాకా అనే పాము తిరుగుతుంది. మూడు నాలుగడుగుల పొడుగుంటుంది. ఎండుటాకుల్లో పడుకుంటే అది పామని తెలియదు. కంటికీ ముక్కు రంధ్రానికీ మధ్య దానికొక చిన్న గుంట ఉంటుంది. ఆ గుంటతో అది కటిక చీకట్లో కూడా ఎలుక ఒంటి వెచ్చదనాన్ని పసికడుతుంది. ఆ ప్రాంతంలో పాము కరిచిందంటే చాలాసార్లు ఈ పామే అయి ఉంటుంది. కరిచిన చోట వాపు, మంట, రక్తం కారటం. కొందరికి రక్తపు పోటు ఒక్కసారిగా పడిపోయి స్పృహ తప్పుతుంది.

1901లో సావో పాలోలో బుటాంటాన్ సంస్థ ఏర్పడింది. పాము కాటుకు విరుగుడు సీరం తయారుచెయ్యటం దాని ముఖ్యమైన పని. మొదటి అధిపతి వీటాల్ బ్రజీల్ అనే డాక్టరు - పేరులోనే దేశాన్ని పెట్టుకున్న మనిషి. సీరం తయారుకావాలంటే విషం కావాలి. విషం కావాలంటే పాములు కావాలి. అన్ని పాములెక్కడివి? ఆయన ఒక ఉపాయం చేశాడు. రైతులకు చెక్కపెట్టెలిచ్చి, "పామును పట్టి దీనిలో పెట్టి పంపండి, బదులు మీకు సీరం పంపుతాం" అన్నాడు. రైళ్ళవాళ్ళు ఆ పెట్టెలకు కూలి పుచ్చుకునేవారు కారు. ఆ రైళ్ళలో సామాను ఎక్కించే కూలీల గుండె ధైర్యం ఎటువంటిదో గాని, పాములు మాత్రం వేలకొద్దీ వచ్చాయి.

ఆ సంస్థలో తీసిన జరరాకా విషం కొంత, చాలా ఏళ్ళ తరవాత, అదే నగరంలో మరొక ప్రయోగశాలకు చేరింది. అక్కడ మౌరీసియో రోషా ఎ సిల్వా అనే శాస్త్రజ్ఞుడు, విల్సన్ బెరాల్డో, గస్టావ్ రోజెన్‌ఫెల్డ్ అనే మరి ఇద్దరితో కలిసి, ఈ విషం ఎక్కిస్తే రక్తపు పోటు ఎందుకు పడిపోతుందో తెలుసుకోదలిచాడు. విషం ఎక్కించిన కుక్క రక్తం కొంచెం తీసి, ద్రవంలో వేలాడగట్టిన గినీపిగ్ పేగు ముక్క మీద పోసి చూశారు. పేగు ముక్క ముడుచుకున్నది. ముడుచుకోవటం వింత కాదు, ఎన్నో పదార్థాలకు అది ముడుచుకుంటుంది. కాని ఈసారి చాలా నెమ్మదిగా, బద్ధకంగా ముడుచుకున్నది. అంతకు ముందు తెలిసిన పదార్థమేదీ అలా చెయ్యదు. అంటే ఇది కొత్త పదార్థం! 1949లో వాళ్ళు దీన్ని లోకానికి వెల్లడించి, "బ్రాడికైనిన్" అని పేరు పెట్టారు. గ్రీకు భాషలో "బ్రాడీ" అంటే నెమ్మది, "కైనిన్" అన్న ముక్క కదలికకు సంబంధించినది.

ఇందులో అసలు విశేషం మరొకటి. బ్రాడికైనిన్ పాము విషంలోది కాదు, కుక్క రక్తంలోదే! మన రక్తంలో కూడా ఒక పెద్ద మాంసకృత్తు లోపల అది అణిగి ఉంటుంది. విషం ఆ మాంసకృత్తును కోసి దాన్ని బయటికి వదులుతుంది. బయటపడిన బ్రాడికైనిన్ రక్తనాళాలను వదులు చేస్తుంది. నాళాలు వదులైతే రక్తపు పోటు తగ్గిపోతుంది. పాము ఇంటిదొంగను లేపి తన పని చేయించుకుంటున్నదన్నమాట.

అయితే ఒక అనుమానం. బ్రాడికైనిన్ రక్తంలో ఎంతోసేపు నిలవదు. ఒంట్లోని ఎంజైములు దాన్ని చూస్తూ చూస్తూ ఉండగానే నరికేస్తాయి. అలాటప్పుడు పాముకు దీనివల్ల ఏం లాభం? రోషా ఎ సిల్వా శిష్యులలో సెర్జియో ఫెరీరా అనే యువకుడున్నాడు. 1965లో అతను దీనికి జవాబు చెప్పాడు. జరరాకా విషంలో ఇంకొక రకం చిన్న పదార్థాలున్నాయి. బ్రాడికైనిన్‌ను నరికే ఎంజైములను ఇవి పనిచెయ్యనివ్వవు! ఒక దొంగ ఇంటిదొంగను లేపితే, రెండోవాడు కావలివాణ్ణి కట్టేస్తున్నాడు. ఎంత పకడ్బందీ ఏర్పాటో చూడండి.

ఫెరీరా ఈ పదార్థాన్ని వెంటబెట్టుకుని లండన్ వెళ్ళి, జాన్ వేన్ అనే శాస్త్రజ్ఞుడి ప్రయోగశాలలో చేరాడు. వేన్ రక్తపు పోటు ఎందుకు పెరుగుతుందని ఆలోచిస్తున్నాడు. మన ఒంట్లో మరొక ఎంజైము ఉన్నది. రక్తనాళాలను బిగించే పదార్థాన్ని తయారుచెయ్యటం దాని పని. అది అతిగా పనిచేస్తే నాళాలు బిగుసుకుపోయి రక్తపు పోటు పెరుగుతుంది. ఈ పాము సరుకును ఆ ఎంజైము మీద కూడా ప్రయోగిస్తే ఏమవుతుంది? అక్కడే పనిచేస్తున్న బాఖ్లే అనే శాస్త్రజ్ఞుడు ప్రయోగించి చూశాడు. ఎంజైము పని ఆగిపోయింది! 1968లో ఈ సంగతి ప్రకటించారు. నాళాలను బిగించే పదార్థాన్ని తయారుచేసేదీ, నాళాలను వదులు చేసే బ్రాడికైనిన్‌ను నరికేదీ ఒకటే ఎంజైమని తరవాత తేలింది. ఆ ఒక్కదాన్ని ఆపితే రెండు వైపుల నించీ రక్తపు పోటు తగ్గుతుంది. ఇది ఎలుకకు చావు. రక్తపు పోటు పెరిగి బాధపడే మనిషికి? సరిగా అతనికి కావలసినదే!

అమెరికాలో స్క్విబ్ అనే మందుల కంపెనీ ఉండేది. అందులో మిగేల్ ఒండెట్టి, డేవిడ్ కుష్మన్ అనే ఇద్దరు రసాయన శాస్త్రజ్ఞులు ఈ పని చేపట్టారు. విషంలోని ఆ చిన్న పదార్థాలలో మంచిదాన్ని ఎంచి, ప్రయోగశాలలోనే తయారుచేశారు. దాని పేరు టెప్రోటైడ్. రోగులకు సూదితో ఎక్కిస్తే రక్తపు పోటు తగ్గింది. అందరూ సంతోషించారు. కాని ఇక్కడే ఇందాక నేను చెప్పిన చిక్కు వచ్చింది. టెప్రోటైడ్ కూడా మాంసకృత్తుల జాతిదే, మింగితే అరిగిపోతుంది. రక్తపు పోటుకు మందు జీవితమంతా రోజూ పుచ్చుకోవాలి. జీవితమంతా రోజూ ఎవరు సూదులు పొడిపించుకుంటారు?

చాలాకాలం పని ముందుకు సాగలేదు. చివరకు 1974లో ఇద్దరూ మరొక తోవ తొక్కారు. పాము పదార్థాన్ని ఉన్నదున్నట్టు వాడకుండా, అది ఎంజైముకు ఎక్కడ, ఎలా అతుక్కుంటున్నదో ఊహించారు. ఆ అతుక్కునే కొసను మాత్రమే పోలిన చిన్న అణువును, జీర్ణరసాలకు లొంగనిదాన్ని, తామే గీసుకుని కట్టటం మొదలుపెట్టారు. ఒకటి కట్టి పరీక్షించటం, లోపం చూసి మరొకటి కట్టటం - ఇలా 1975లో ఒకటి అచ్చంగా కుదిరింది. అదే కాప్టోప్రిల్. 1981లో అమెరికా ప్రభుత్వం దాన్ని మందుగా అమ్మటానికి అనుమతి ఇచ్చింది. తరవాత దాని తమ్ముళ్ళు ఎందరో వచ్చారు. తాతగారి అట్ట మీద ఉన్న "ప్రిల్"లన్నీ వాళ్ళే.

ఈ మాత్రలు వేసుకునేవారిలో కొందరికి పొడిదగ్గు వస్తుంది. కావలివాణ్ణి కట్టేస్తే బ్రాడికైనిన్ పోగవుతుంది గదా, దగ్గుకు అదే కారణమంటారు డాక్టర్లు. అలాటివారికి మందు మారుస్తారు. పాము బ్రెజిలుది, దాని విషంలో రహస్యం పట్టుకున్నవాళ్ళు బ్రెజిలువాళ్ళు, మందు మీద లాభం మాత్రం అమెరికా కంపెనీది. ఫెరీరా పేరు మనలో ఎక్కువమంది వినకపోవటం నాకు న్యాయంగా తోచదు.

మన దేశంలో పాములకు కొదవా? వాటి సంగతేమిటని మీరు అడగవచ్చు. దీనికి విశాఖపట్నంలో మొదలుపెట్టాలి. 1781లో పాట్రిక్ రసెల్ అనే స్కాట్లండు వైద్యుడు తన తమ్ముడితోపాటు విశాఖపట్నం వచ్చాడు. తరవాత ఈస్టిండియా కంపెనీ ఆయనను ఇక్కడి మొక్కలనూ, జంతువులనూ పరిశీలించే ఉద్యోగంలో నియమించింది. ఆయన కోరమాండల్ తీరమంతటా పాములు తెప్పించి, బొమ్మలు గీయించి, 1796లో లండన్‌లో పెద్ద పుస్తకం వేశాడు. పాములకు మనవాళ్ళు చెప్పిన పేర్లనే ఇంగ్లీషు అక్షరాలలో రాసుకున్నాడు. అందులో ఒకటి "కాటుక రేకుల పొడ". ఒంటి మీద వరసగా కాటుక దిద్దిన రేకుల్లాటి మచ్చలున్న పాముకు ఎంత చక్కని పేరు! ఇప్పుడు మనం దాన్ని రక్తపింజర అంటున్నాం. ఇంగ్లీషువాళ్ళు రసెల్ పేరే పెట్టేశారు.

రక్తపింజర కరిస్తే రక్తం ఏమవుతుందో తెలుసా? ముందు ఒంట్లో ఎక్కడపడితే అక్కడ గడ్డకట్టుతుంది. గడ్డకట్టించే సరుకంతా ఇలా ఖర్చయిపోయాక, ఇక అసలు గడ్డకట్టదు. చిగుళ్ళలోంచి, పాత గాయాలలోంచి కూడా కారుతూనే ఉంటుంది. అందుకే పాము కాటు తిన్న మనిషి ఆస్పత్రికి రాగానే డాక్టరు కొంచెం రక్తం తీసి, శుభ్రమైన గాజు గొట్టంలో పోసి, 20 నిమిషాలు కదపకుండా ఉంచుతాడు. తరవాత గొట్టం వంచి చూస్తాడు. రక్తం గడ్డకట్టక నీళ్ళలాగా జారిందంటే, విషం రక్తంలో పనిచేస్తున్నట్టే.

కొందరు పిల్లలకు పుట్టుకతోనే రక్తం సరిగా గడ్డకట్టే గుణం ఉండదు. దీన్ని హీమోఫిలియా అంటారు. పన్ను ఊడినా వాళ్ళకు ప్రాణం మీదికి వచ్చేది. లండన్‌లో మాక్‌ఫార్లేన్ అనే యువ డాక్టరు, అక్కడి జంతుప్రదర్శనశాలలో పాములను చూసుకునే బార్నెట్ అనే ఆయన, ఇద్దరూ కలిసి రకరకాల పాముల విషాలు ఈ రోగుల రక్తంలో కలిపి చూశారు. అన్నిటిలోకీ మన కాటుక రేకుల పొడ విషం గొప్పగా పనిచేసింది. వేల రెట్లు నీళ్ళు కలిపి పలచన చేసినా, రక్తం చకచకా గడ్డకట్టింది! 1934లో వాళ్ళు ఈ సంగతి ప్రకటించారు. ఆ పలచటి విషంతో తడిపిన గుడ్డను పన్ను ఊడిన చోట అదిమి రక్తం ఆపేవారు. ఇప్పుడు హీమోఫిలియాకు ఇంతకన్న మంచి చికిత్సలు వచ్చాయి. కాని రక్తం గడ్డకట్టటంలో కొన్ని రకాల తేడాలను కనిపెట్టటానికి రక్తపరీక్షల ప్రయోగశాలలలో ఈనాటికీ రక్తపింజర విషాన్నే వాడుతున్నారు.

దీనికి పూర్తిగా ఎదురు గుణం గల పదార్థం మరొక పాములో దొరికింది. ఒంటిని ఒంటితో రాసుకుని, రంపంతో కోసినట్టు "స్... స్..." మని చప్పుడు చేసే చిన్న పింజర మీలో కొందరికి తెలిసే ఉంటుంది. రాళ్ళు, ఇసుక ఉన్న మెట్ట ప్రాంతాలలో ఉంటుంది. దాని విషంలో ఒక చిన్న మాంసకృత్తు, రక్తంలోని సన్నటి కణాలు ఒకదానికొకటి అంటుకోకుండా చేస్తుంది. గుండెకు పోయే నాళంలో ఈ కణాలే అంటుకుని గడ్డకడితే గుండెపోటు వస్తుంది. ఈ మాంసకృత్తును చూసి, దాని పోలికతో టిరోఫిబాన్ అనే మందును తయారుచేశారు. 1998 నించి గుండెజబ్బు ఆస్పత్రులలో దాన్ని వాడుతున్నారు.

ఇదంతా చదివి పాము దగ్గిరికి వెళ్ళబోయేరు సుమా! 2000 నించి 2019 దాకా లెక్క చూస్తే మన దేశంలో పాము కాటువల్ల ఏడాదికి సగటున 58,000 మంది చనిపోయారు. వాళ్ళలో ఎక్కువమంది పల్లెలవాళ్ళు. కాటుకు నమ్మదగిన మందు ఆస్పత్రిలో ఇచ్చే సీరం ఒక్కటే; మంత్రాలూ, పసర్లూ, కాటు దగ్గిర కొయ్యటాలూ అన్నీ కాలయాపనే. ఆ సీరం తయారుకావటానికి కూడా మొదట కావలసినది విషమే. కొద్ది కొద్దిగా విషాన్ని గుర్రాలకు ఎక్కిస్తే, వాటి రక్తంలో విరుగుడు తయారవుతుంది. మద్రాసు దగ్గిర వడనెమ్మేలిలో ఇరుళ కులంవారు 1978లో ఒక సహకార సంఘం పెట్టుకున్నారు. వాళ్ళు పాములను పట్టి, కొన్నాళ్ళు కుండలలో ఉంచి, విషం తీసి, మళ్ళీ వాటిని బయట వదిలేస్తారు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర - ఈ నాలుగింటి విషానికీ మన దేశపు సీరం పనిచేస్తుంది.

విషం పాముల సొత్తే కాదు. అమెరికాలో అరిజోనా ఎడారిలో హీలా అనే లావుపాటి బల్లి ఉన్నది. నల్లటి ఒంటి మీద నారింజరంగు పూసలు గుచ్చినట్టుంటుంది. దీని విషం కింది దవడలో ఊరుతుంది. పాములాగా పొడిచి వదలదు; కరిచి పట్టుకుని నములుతూనే ఉంటుంది. మన ఉడుము పట్టు కాళ్ళతో, దీని పట్టు పళ్ళతో! ఈ బల్లి ఏడాదిలో కొద్దిసార్లే తింటుంది. దొరికినప్పుడు బోలెడంత తిని, కొవ్వును తోకలో దాచుకుంటుంది.

న్యూయార్కులో మాజీ సైనికుల ఆస్పత్రిలో పనిచేసే జాన్ ఎంగ్ అనే డాక్టరు దీని విషంలో ఒక కొత్త పదార్థం కనిపెట్టి 1992లో ప్రకటించాడు. మనం అన్నం తినగానే మన పేగు, "చక్కెర వస్తున్నది, ఇన్సులిన్ సిద్ధం చెయ్యి" అని క్లోమానికి ఒక కబురు పంపుతుంది. ఆ కబురు మోసే పదార్థం రెండు మూడు నిమిషాలలో విరిగిపోతుంది. బల్లి విషంలోని పదార్థం ఇంచుమించు దీని కవలపిల్లలాటిది - సగం అచ్చు అలాగే ఉంటుంది. కాని ఇది గంటలకొద్దీ నిలుస్తుంది. చక్కెరవ్యాధి ఉన్నవారికి ఇదొక వరం కాదూ? అయినా కొన్నేళ్ళు ఏ కంపెనీవాళ్ళూ ఎంగ్ మాట చెవిని పెట్టలేదు. చివరకు ఒక కంపెనీ పుచ్చుకున్నది. 2005లో ఎక్సెనటైడ్ అనే పేరుతో ఆ మందుకు అనుమతి వచ్చింది.

అన్నిటికన్న నాకు ఇష్టమైన కథ ఒక నత్తది. సముద్రంలో శంకు ఆకారపు చిప్పలో ఉండే నత్తలున్నాయి. చిప్ప మీద బొమ్మలు వేసినట్టు అందమైన గీతలుంటాయి. వీటిలో కొన్ని చేపలను తింటాయి. నత్త చేపను పట్టటమేమిటని నవ్వకండి. దాని నోట్లో బల్లెంలాటి పన్ను ఉంటుంది. చేప దగ్గిరికి రాగానే ఆ పన్ను విసురుతుంది. క్షణంలో చేప కొయ్యబారిపోతుంది. క్షణం ఆలస్యమైనా చేప ఈదుకుపోతుంది, నత్త దాన్ని తరమలేదు గదా! అందుకని దీని విషానికి అంత వేగం. వీటిలో కొన్ని రకాలు మనిషిని కూడా చంపగలవు. మన సముద్రతీరంలో కూడా శంకునత్తలున్నాయి గనక, ప్రాణం ఉన్న చిప్పను చేత్తో తియ్యకండి.

ఫిలిప్పీన్ దీవులలో పుట్టిన బాల్డొమీరో ఒలివేరా అనే శాస్త్రజ్ఞుడికి చిన్నప్పటినించీ గవ్వలంటే సరదా. పెద్ద చదువు చదివి మనీలాకు తిరిగి వస్తే, అక్కడి ప్రయోగశాలలో సామాగ్రి ఏమీ లేదు. ఖరీదైన యంత్రాలు అక్కరలేని పని ఏదని ఆలోచించి, శంకునత్త విషం ఎంచుకున్నాడు. తరవాత అమెరికాలో యూటా విశ్వవిద్యాలయంలో ఆ పనే కొనసాగించాడు. (యూటా రాష్ట్రానికి సముద్రమే లేదు!) అక్కడ ఆయన దగ్గిర చదువుకునే కుర్రవాళ్ళు అసలు రహస్యం పట్టుకున్నారు. క్రెయిగ్ క్లార్క్ అనే విద్యార్థి, "విషాన్ని భాగాలు భాగాలుగా విడదీసి, ఒక్కొక్క భాగాన్నీ చిట్టెలుకల మెదడులోకే ఎక్కించి చూద్దాం," అన్నాడు. గురువుగారికి మొదట నమ్మకం లేదు. చేసి చూస్తే, ఒక భాగానికి ఎలుక వణికింది, మరొకదానికి నిద్రపోయింది. ఇంకొకటైతే ఎలుక పిల్లలను నిద్రపుచ్చింది గాని, పెద్ద ఎలుకలను పిచ్చి పరుగులు తీయించింది! దొంగల జట్టులో ఇన్ని రకాలవాళ్ళున్నారని అప్పుడు తెలిసింది.

మైకేల్ మెకింటాష్ అనే మరొక కుర్రవాడు అప్పుడే హైస్కూలు ముగించి వచ్చాడు. పద్ధెనిమిదేళ్ళవాడు. ఫిలిప్పీన్ సముద్రపు శంకునత్త విషంలోంచి ఒక పదార్థాన్ని శుద్ధిచేసి తీశాడు. నొప్పి కబురు వెన్నుపాములోంచి మెదడుకు పోయే చోట, నరాల కొసల్లో చిన్న చిన్న ద్వారాలుంటాయి. ఈ పదార్థం ఆ ద్వారాలనే మూసేస్తుంది. కబురు పైకి పోదు, నొప్పి తెలియదు. దీన్ని అచ్చు నత్త తయారుచేసినట్టే కార్ఖానాలో తయారుచేశారు. పేరు జికోనోటైడ్. 2004 డిసెంబరులో అమెరికాలో అనుమతి లభించింది. కాన్సరువంటి జబ్బులతో భరించరాని నొప్పి పడేవారికీ, నల్లమందు జాతి మందులు పనిచెయ్యనివారికీ దీన్ని ఇస్తారు. నల్లమందు జాతివాటిని వాడినకొద్దీ మోతాదు పెంచుతూ పోవాలి, అలవాటు పట్టుకుంటుంది. దీనికా బెడద లేదు.

దీన్ని మింగటానికీ లేదు, చేతికి సూది వెయ్యటానికీ లేదు. పొట్ట చర్మం కింద డబ్బీలాటి చిన్న పంపును అమర్చి, దానినించి సన్నటి గొట్టాన్ని వెన్నుపాము చుట్టూ ఉండే ద్రవంలోకి పంపుతారు. మందు ఆ గొట్టంలోంచి రాత్రింబవళ్ళు అతి నెమ్మదిగా దిగుతుంది. రోజుకు 2.4 మైక్రోగ్రాములకు మించకుండా మొదలుపెడతారు. మైక్రోగ్రామంటే గ్రాములో పదిలక్షలో వంతు. అది కాస్త ఎక్కువైనా కొందరికి మతి తప్పినట్టవుతుంది, లేనివి ఉన్నట్టు కనిపిస్తాయి. అందుచేత డాక్టరు రోగిని దగ్గిరే ఉండి గమనిస్తూ, రోజులు చూసుకుని, ఆ మోతాదును నలుసంత నలుసంతగా పెంచుతాడు.